రాహేలమ్మ చూసే గోడ

ఆళ్లగడ్డలో అంగన్‌వాడీ టీచరు రాహేలమ్మ ఏ ఇంటికి పోయినా బిడ్డను తూకం వేసేది తర్వాత. ముందు కండ్లద్దాలు కొంగుతో తుడుచుకుని పక్కింటి గోడ ఎంత ఎత్తుందో చూస్తుంది. ఆనక తల్లిని ఒకటే అడుగుతుంది: "నీకు కోపమొస్తే బిడ్డను ఎవురి చేతికిస్తావ్‌మ్మే?" తల్లి ఎవరి పేరైనా చెప్తే రిజిస్టరు అంచున చుక్క పెట్టుకుంటుంది, ఆఫీసోళ్లు దానికి గడి గీయలేదు మరి.

ఆ పొద్దు పోయిన ఇంట్లో తల్లి సుంకులమ్మ చేతిలో చింతబరికె ఉంది. మూలన మూడేండ్ల కూతురు వెక్కుతాంది. రాహేలమ్మ ఎప్పుడూ అడిగేదే అడిగింది. "ఎవురికిచ్చేది? పక్కింటి అనసూయమ్మతో కొట్లాడి నేనే గోడ లేపిస్తి," అంటూ సుంకులమ్మ బరికె ఎత్తింది. రాహేలమ్మ రిజిస్టరు పారేసి అడ్డం పోయింది. అంతలో గోడ మీద గాజుల చేతులు రెండు లేచినాయి.

"తొక్కకూడదని తెల్సీ రోలెక్కి నిలబడినా సుంకులమ్మా. పిల్లనిట్టియ్యి."