జమ్మలమడుగుకు సముద్రం తెచ్చినవాణ్ణి

కడప జిల్లాకు నీళ్ళు తెస్తామని మాటిచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏకంగా సముద్రాన్నే తెస్తానని మాటిచ్చి, ఇంకా జమ్మలమడుగు బస్టాండులో కాళ్ళూ చేతులూ సవ్యంగా పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ సముద్రం ఎలా వచ్చిందో, దాన్ని వెనక్కి పంపడానికి నేనెన్ని చెరువుల నీళ్ళు తాగానో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఊరివాళ్ళు నవ్వగా ఇంకా కొంచెం మిగిలే ఉంది.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా కొత్తగా చేరాను. కొత్త లెక్చరరంటే కొత్తగా కొమ్ములొచ్చిన పొట్టేలు. దేన్నో ఒకదాన్ని పొడిచి చూస్తే గాని నిద్ర పట్టదు. ఇంగ్లీషు మీద నాకు అపారమైన నమ్మకం. ఇంగ్లీషుకు నా మీద అలాంటిదేమీ లేదని అప్పటికింకా తెలియదు.

ఒకరోజు మా ప్రిన్సిపాల్ స్టాఫ్ రూములోకి వచ్చాడు. "కలకత్తా నుంచి ఒక ప్రొఫెసరమ్మ వస్తాండారు. మన గండికోట రాళ్ళ మీద పరిశోధన చేస్తాండారంట. జమ్మలమడుగు కల్యాణమండపంలో మామూలు జనానికి అర్థమయ్యేట్టు ఉపన్యాసం ఇస్తారంట. ఆమెకు తెలుగు రాదు. ఎవరన్నా పక్కన నిలబడి తెలుగులో చెప్పాల."

"నేను చెప్తా సార్," అన్నాను, ఆయన నోరు మూసేలోపే.

"ముందుగా ఒకసారి ఆమెతో కూచోని మాటలన్నీ అనుకుంటే మంచిదేమో అబ్బీ."

"రాళ్ళ గురించే గదా సార్. రాయికి ఇంగ్లీషులో మాత్రం ఎన్ని అర్థాలుంటాయి?"

ప్రిన్సిపాల్ నా వైపు జాలిగా చూశాడు. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

నా తొందరకు అసలు కారణం మా ఓబుళరెడ్డి మామ. మా అమ్మకు అన్న. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఆయన మాటంటే మాటే. పంచాయితీ అయినా, పెళ్ళి సంబంధమైనా, ఎద్దుకు వేసే మందైనా ఆయన ఊ అనాల్సిందే. ఆయన దృష్టిలో ఫిజిక్సు చదివినవాడంటే మోటార్లు బాగుచేసేవాడు. తోటలో మోటారు కాలిపోయినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు. నాకు రాదంటే, "మరి అన్నేండ్లు ఏం సదివినావురా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళకు దొరికిందనుకున్నాను.

"మామా, జమ్మలమడుగులో నా ఉపన్యాసం ఉండాది. నువ్వు రావాల," అని ఫోన్ చేశాను. గమనించారా? నా ఉపన్యాసమట! పెళ్ళికొడుకు పక్కన గొడుగు పట్టుకునేవాడు నాకే పెళ్ళని చెప్పుకున్నట్టు.

మామ ఒక్కడే రాలేదు. రెండు ట్రాక్టర్ల నిండా జనాన్ని ఎక్కించుకొచ్చాడు. ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చుని, పక్కనున్న ప్రతివాడికీ "మా అల్లుడు" అని నన్ను చూపించాడు.

ప్రొఫెసరమ్మ చిన్న మనిషి. నెరిసిన పొట్టి జుట్టు, నేత చీర, కాళ్ళకు కొండలెక్కే బూట్లు. బల్ల మీద ఒక నాపరాయి పెట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. ఆమె అనడం, నేను దాన్ని తెలుగు చేయడం, జనం తలలూపడం.

"మీ ఇండ్లల్లో పరుచుకున్న ఈ నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున తయారయింది," అన్నాను. "దీని మీద ఈ గీతలు చూడండి. ఇవి ఆ కాలం నాటి అలల గుర్తులు."

మండపమంతా "అబ్బా!" అంది. ఒక పెద్దాయన లేచొచ్చి రాయిని తడిమి చూసి, "మా వంటింట్లో గూడా ఇట్లాంటిదే ఉండాది, నేను మేస్త్రీ సరిగా నున్నగ చేయలేదని తిడితి," అన్నాడు. చప్పట్లు. మామ కండువా సర్దుకున్నాడు. ఆ చప్పట్లు నా తలకెక్కాయి. కల్లు తాగితే తెల్లారేసరికైనా దిగుతుంది, చప్పట్లు దిగవు.

ఇక్కడే నా కొంప మునిగింది. నిజంగానే, నీళ్ళలో.

ప్రొఫెసరమ్మకు ఉత్సాహమొచ్చి వేగం పెంచింది. భూమి కదులుతూ ఉంటుందట, సముద్రాలు వస్తూ పోతూ ఉంటాయట, మళ్ళీ ఎన్నో మిలియన్ల సంవత్సరాల తర్వాత ఇక్కడికి సముద్రం రావచ్చట, అప్పుడు జమ్మలమడుగుకు పడవలో రావాల్సి ఉంటుందట. ఇది ఆమె సరదాగా అన్న మాట. మిలియనంటే పది లక్షలని నాకు తెలుసు. స్టాఫ్ రూములో కూర్చుని తెలియడం వేరు, మండపం నిండా జనం మన నోటివంకే చూస్తున్నప్పుడు తెలియడం వేరు. అన్ని మిలియన్లంటే ఎన్ని లక్షలు? ఎన్ని కోట్లు? సున్నాలు చీమల్లా చెదిరిపోయాయి. ఆమె ఆగి నా కోసం చూస్తోంది. మామ చూస్తున్నాడు. ఇక ఆగలేక, "మళ్ళా కొన్నేండ్లకు ఈడికి సముద్రం వస్తాది! అప్పుడు జమ్మలమడుగుకు పడవల్లో రావాల్సిందే!" అనేశాను.

 మండపం దద్దరిల్లిపోయింది.

మీరే ఆలోచించండి. ఎండాకాలమొస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే జనం. వాళ్ళ దగ్గరికి వచ్చి ఎవడో సముద్రం వస్తుందన్నాడు. కోస్తావాళ్ళయితే భయపడి పరిగెత్తేవారు. మావాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు.

"కొన్నేండ్లంటే ఎన్నేండ్లప్పా?" అని ఒకాయన అరిచాడు.

అప్పుడైనా ఆమెను అడగాలి కదా? అడిగితే నాకు అర్థం కాలేదని తెలిసిపోదూ? "మన పిల్లల కాలానికి," అన్నాను ధీమాగా.

ఇక ప్రశ్నలు. నా ఇంగ్లీషులో ఒక ప్రత్యేకత ఉండేది. భూత భవిష్యత్ వర్తమానాలు మూడూ అన్నదమ్ముల్లా ఒకే ఇంట్లో కలిసి కాపురం చేసేవి. నేను రాబోయే సముద్రం గురించి అడిగితే, ఆమె ఒకప్పటి సముద్రం గురించి జవాబు చెప్పేది.

"సారూ, ఆ నీళ్ళు తియ్యగుంటాయా, ఉప్పగుంటాయా?"

నేను అడిగాను. ఆమె నవ్వి, ఉప్పనీళ్ళేనంది.

"ఉప్పనీళ్ళేనంట."

జనం ఉసూరుమన్నారు. "చీనీచెట్లు బతకవే!" అన్నాడొక బత్తాయి రైతు. "టెంకాయ చెట్లు పెట్టుకోప్పా, కోస్తావాళ్ళు పెట్టుకోలేదా?" అని వెనకనుంచి ఎవరో ధైర్యం చెప్పారు.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక బట్టల షాపాయన లేచాడు. "ప్రొద్దుటూరు దాకా వస్తాదా సార్?"

ఆమె చేతులు బారజాపి, ప్రొద్దుటూరు, పులివెందుల, అంతా సముద్రమేనంది.

"అంతా మునుగుతాదంట!"

షాపాయన ముఖం వెలిగిపోయింది. "అయితే ప్రొద్దుటూరుకు ఓడరేవు ఖాయం," అంటూ కూర్చున్నాడు.

చివరికి మా మామ లేచాడు. మండపం సద్దుమణిగింది. "అల్లుడా, ఇవన్నీ సరే. ఇప్పుడు మేమేం చేయాల్నో ఆయమ్మను అడుగు."

అడిగాను. ప్రొఫెసరమ్మ కళ్ళు చెమర్చాయి. రాళ్ళను కాపాడుకోవడానికి ఏం చేయాలని అడుగుతున్నారనుకుంది, పాపం. మీరేమీ చేయనక్కర్లేదు, ఆ రాళ్ళను పగలగొట్టకండి, తవ్వకండి, మీ పిల్లల కోసం అలాగే ఉంచండి అంది.

"ఏమీ చేయబల్లేదంట. రాళ్ళు పగలగొట్టొద్దంట, తవ్వొద్దంట."

"బోరు గూడానా?"

ఇది నేను ఆమెను అడగనేలేదు. అప్పటికి నేనే సగం ప్రొఫెసరునైపోయాను. "తవ్వొద్దంటే తవ్వొద్దనే గదా మామా," అన్నాను.

సభ ముగిశాక జనం ఆమెకు పూలదండ వేశారు. పాత సముద్రం మీద ఇంత ప్రేమ దేశంలో ఎక్కడా చూడలేదని ఆమె మా ప్రిన్సిపాల్ చేతులు పట్టుకుని మరీ చెప్పింది. మామ నా భుజం తట్టి, "ఈ పొద్దు తెలిసిందిరా నువ్వేం సదివినావో," అన్నాడు. ఆ పూట నేను భూమ్మీద నడవలేదు.

మూడో రోజు అత్త ఫోన్ చేసింది. మా అత్త మామూలుగా గట్టిగా మాట్లాడదు. ఆ రోజు ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా స్పష్టంగా వినపడింది.

"నువ్వేం చెప్పినావురా మీ మామకు? ఉండే బోరు ఎండిపోయి చీనీతోట వాడిపోతాంది. ఎన్నాళ్ళు తిరిగితే ఈ పొద్దు కొత్త బోరు వేసే లారీ వచ్చినాది. 'సముద్రమే వస్తాంటే బోరెందుకు?' అని గేటు కాడ నుంచే వెనక్కి పంపిచ్చినాడు! చెట్లు ఆకు ముడుచుకోని నిలబడుండాయి. ఊర్లో ఇంకా నలుగురు బోర్లు ఆపినారు. పులివెందుల నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, 'మా ఊరు ఎత్తులో ఉండాదని సముద్రం రాకుండా మీవాళ్ళు ఏమన్నా చేస్తాండారా?' అని కొట్లాడతాండాడు!"

 అంతవరకూ నవ్వులాటగా ఉన్నది ఒక్కసారి నవ్వులాట కాకుండా పోయింది. చెట్లు మాత్రం నిజం కదా. మామ ఆ మొక్కలకు ట్యాంకర్లతో నీళ్ళు తోలి పెంచాడు. కాలేజీకి సెలవు పెట్టి జమ్మలమడుగు బస్సెక్కాను.

నా ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"సముద్రమంట, విన్యావా?"

"విన్యా. ఎవరో ప్రొద్దుటూరు లెక్చరరు చెప్పినాడంట."

"నిజమేనంటావా?"

"అబద్ధమైతే వాణ్ణి గండికోట మీద నుంచి తోస్తారులే."

ఆ మధ్యాహ్నం ఎండకు చలేసినట్టు చేతిరుమాలు ముఖానికి చుట్టుకున్నాను.

ఊళ్ళో మామ ఇంటి అరుగు మీద సభ జరుగుతోంది. రేవు ఎక్కడ కట్టాలి, పడవలు ఎవరి చేలో ఆగాలి అని చర్చ. ఆలూ లేదు చూలూ లేదు, ఓడరేవు పేరు ఓబుళాపురం అని తేల్చేశారు. నన్ను చూడగానే అందరూ లేచి చోటిచ్చారు. పెళ్ళికెళ్ళేవాడికి మర్యాద చేస్తారని విన్నాను గానీ, ఉరికెళ్ళేవాడికి చేయడం అప్పుడే చూశాను.

"మామా, ఒక్కసారి లోపలికి రా."

వంటింట్లో మామ, అత్త, నేను. తల వంచి అంతా చెప్పేశాను. ఆమె చెప్పింది నాకు సగం అర్థం కాలేదని, లెక్క తెలియక కొన్నేండ్లని నోటికొచ్చింది అన్నానని, తవ్వొద్దన్నది బోరు గురించి కాదని, ఉపన్యాసం కూడా నాది కాదని. చివరిమాట చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

మామ మాత్రం నవ్వలేదు. గోడకానుకుని చాలాసేపు కిందికి చూశాడు. ఊరంతటికీ మాటిచ్చిన మనిషి. ఆ మాట నేను కాళ్ళ కింద నుంచి లాగేశాను. కొడతాడనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

"నిజంగా ఎన్నేండ్లురా?" అన్నాడు చివరికి.

"కోట్ల ఏండ్లు మామా."

"కోట్ల ఏండ్లకు వస్తాదా, రాదా?"

"రావొచ్చునంటాండారు."

మామ నిటారుగా నిలబడ్డాడు. ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "అంటే రాదని ఎవరూ చెప్పలేదు. అట్లయితే నా మాట తప్పిపోలేదు. బయటికి రా. లేటయితాదని చెప్పుదాం. రాదని మాత్రం చెప్పొద్దు."

అరుగు మీదికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "మా అల్లుడు అన్నీ మళ్ళా కనుక్కోని వచ్చినాడు. సముద్రం పని కొంచెం లేటయితాదంట."

"ఎంత లేటు రెడ్డీ?" అన్నాడొక పెద్దాయన.

"కోట్ల ఏండ్లు."

నేను కళ్ళు మూసుకున్నాను. రాయి వస్తుందా, చెప్పు వస్తుందా అని కాచుకున్నాను. ఏదీ రాకపోయేసరికి కళ్ళు తెరిచాను. పెద్దాయన తలగుడ్డ దులుపుకుని లేచాడు.

"ఓస్, అంతేనా! నేనింకా మనకు తవ్విస్తామని ఎన్నేండ్లుగానో చెప్తాండే కాలవ కంటే ముందు వస్తాదేమోనని ఆశపడితి," అంటూ ఇంటికి పోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు కూడా. పోతూ పోతూ బోరు లారీని మళ్ళీ ఎప్పుడు పిలవాలని మాట్లాడుకున్నారు.

వారం తిరక్కుండానే మామ తోటలో బోరు పడింది. ధారగా కాకపోయినా నీళ్ళు వచ్చాయి. అంచున నాలుగు చెట్లు పోయాయి, మిగతావి నిలబడ్డాయి. ఆ నాలుగింటి సంగతి మామ ఎన్నడూ ఎత్తలేదు. అత్త మాత్రం నాకు చీనీరసం ఇచ్చినప్పుడల్లా గ్లాసు కొంచెం వెలితిగా ఇస్తుంది.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి ఇంగ్లీషునూ తెలుగు చేయను. సభలోనే కాదు, ఇంట్లో కూడా. దగ్గు మందు సీసా మీద చెంచాలెన్నో రాసి ఉన్నా సరే, దగ్గుతూనే కూర్చుంటాను గానీ చదివి చెప్పను.