తోట అంచున తవిటమ్మ

ఆ వేసవిలో తవిటమ్మ తన జీడితోట దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగొచ్చిన పొద్దులే ఎక్కువ.

తోట మందస దాటాక, ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేలలో ఉంది. మామగారు నాటిన చెట్లు. కొమ్మలు నేల దాకా వాలి ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, లోపల ఏముందో బయటికి తెలియదు. పళ్ళ కాలంలో తెల్లారేసరికే రాలిన జీడిపిక్కలు ఏరుకోవాలి. ఆలస్యమైతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు. ఆ పళ్ళ కోసమే ఎలుగుబంట్లూ వస్తాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. తెలిసీ వెళ్ళేవారు. కాపురానికి వచ్చింది మొదలు ఒక్క ఎలుగునూ చూడలేదు గనుక, తవిటమ్మ కూడా పెద్దగా ఆలోచించేది కాదు.

కిందటేడు పక్క తోటలోనే ఆమె తోడికోడలు నూకాలమ్మ మీద పడింది ఎలుగు. కేకలు విని పరిగెత్తిన వాళ్ళలో తవిటమ్మే ముందు. ఆ చెంప, ఆ కన్ను ఆమె చూసింది. నూకాలమ్మ శ్రీకాకుళం ఆసుపత్రిలో చాన్నాళ్ళుండి, ఒక్క కంటితో ఇల్లు చేరింది.

ఈ ఏడు పిక్కలు రాలడం మొదలయ్యాక తవిటమ్మకు కాలు నిలవలేదు. చీకటుండగానే లేచి, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. బుట్ట పట్టుకుని తోట అంచుకు వెళ్ళి, ఎలుగులుంటే బెదిరిపోవాలని రేకుడబ్బా కొట్టి, చెవులు రిక్కించి నిలబడేది. ఎండాకుల మీద తొండ పరిగెత్తినా గుండె జారేది. కాలిన మోడు ఎలుగులా కనిపించేది. వెనక్కి తిరిగేది. ఇంటికొచ్చాక కాసేపు ప్రాణం కుదుటపడేది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. అక్కడేమీ లేదేమో, ఉత్తినే వచ్చేశానేమో అని.

భర్త సన్యాసి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఒకరోజు బస్సుకు బయల్దేరుతూ ఖాళీ బుట్ట చూశాడు.

"ఇయ్యాలా అగుపించినాదేటి?"

"ఏటో నల్లగా కదిలినాది మావా."

"ఎలుగేనా?"

"తెల్దు. సూడకుండా వచ్చీసినాను."

"సూడకుండా వచ్చీత్తే ఎప్పటికి తెలుత్తాది?"

కోపంగా అన్నమాట కాదు. అయినా ఆమెను రోజంతా పీకింది. నిజమే. అక్కడ ఎలుగు ఉన్నా లేకపోయినా తను ఒక్కలాగే ఇంటికొస్తోంది. ఏ రోజు తిరిగి రావడం మంచిపనో, ఏ రోజు వట్టి పిరికితనమో తెలియకుండానే పోతోంది.

"పోనీ, కౌలుకిచ్చీద్దాం," అన్నాడు సన్యాసి సాయంత్రం.

"తీసుకున్నోల్లకి ఏటైనా అయితే?"



మర్నాడు నూకాలమ్మ బుట్ట చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "పద, నానూ వత్తాను."

తవిటమ్మ ఆ ముఖం వంక చూసి కళ్ళు దించుకుంది. "నీకు బయం నేదేటక్కా?"

"ఎందుకు నేదు? ఇంట్లో కూకుంటే అది దినామూ నా మీదికి వత్తంది. తోటలోకైతే ఎప్పుడో గానీ రాదు కదా."

ఇద్దరూ నడిచారు. అంచున తవిటమ్మ డబ్బా కొట్టబోతుంటే నూకాలమ్మ మెల్లగా అంది, "ఆ దినాన నానూ కొట్టినాను."

తవిటమ్మ చెయ్యి ఆగిపోయింది. "మరి కొట్టడమెందుకు?"

"కొట్టకపోతే ఇంకా ఎక్కువొత్తాయేమో. ఎవులికి తెలుసు? కొట్టు."

ఆమె కొట్టింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మీద పెట్టుకున్న ధైర్యం మాత్రం పోయింది. ఇక ఏదో ఒకటి తనే తేల్చుకోవాలి. ఎండ పడ్డాకే వెళ్ళాలనీ, అంచు వరసలే ఏరాలనీ, నడిమి వరసలు వదిలేయాలనీ అనుకుంది. ఆ నడిమి పిక్కలు ఎవరెవరో ఏరుకుపోయారు. ఊళ్ళో నవ్వారు కూడా.

ఒక పొద్దున ఆ నడిమి వరసల్లోంచే అది వచ్చింది. రెండిళ్ళ దూరంలో ఆగి, మూతి పైకెత్తి వాసన పట్టింది. నూకాలమ్మకు చూపు లేని వైపు కావడంతో ఆమె ఇంకా వంగి ఏరుతూనే ఉంది. తవిటమ్మకు పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు. వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, లెగు. అరవకు. నాతో ఎనక్కి నడు."

నూకాలమ్మ లేచింది. ఇద్దరూ అడుగు తర్వాత అడుగు వెనక్కి వేస్తూ బాట మీదికి వచ్చారు. ఎలుగు కాసేపు నిలబడి, ఆకుల్లోకి తిరిగిపోయింది. బుట్టలు లోపలే ఉండిపోయాయి. తవిటమ్మ ఇసుకలో కూలబడి వాంతి చేసుకుంది. నూకాలమ్మ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

కొన్నాళ్ళు ఇద్దరూ వెళ్ళలేదు. తర్వాత వెళ్ళారు. తవిటమ్మ ఎప్పుడూ ఆ చూపు లేని వైపే నడిచింది. భయం తగ్గలేదు గానీ, కాలిన మోడు మాత్రం ఇప్పుడు మోడులాగే కనిపిస్తోంది.

వానలు పడ్డాక కత్తి పట్టుకుని అంచు చెట్ల కింది కొమ్మలు నరకడం మొదలుపెట్టింది.

"కాపు తగ్గిపోతాదే," అన్నాడు సన్యాసి.

"తగ్గనీ. కిందినుంచి అవతలకి అగుపించాల."

అంచు వరసలు అయిపోయాయి. నడిమి చెట్ల దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎక్కువ కాపు అక్కడే, ఎలుగు వచ్చిందీ అక్కడినుంచే. నరకాలో వద్దో తేలక, రోజూ ఒకసారి వెళ్ళి వాటి ముందు నిలబడి వస్తోంది.