సుగుణమ్మ గారి గలిజేరు కషాయం

మధ్యాహ్నం భోజనాల వేళ, మా ఫార్మసీలో కొత్తగా చేరిన అమ్మాయి ఫ్లాస్కు మూత తీసింది. మరిగిన పచ్చి ఆకు వాసన, అందులో కాస్త మిరియం ఘాటు. "గలిజేరు కషాయం మేడమ్. కిడ్నీలకి మంచిదంట, ఫోన్లో చూశా" అంది. విజయవాడలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మందుల వాసనలేవీ నన్ను కదిలించవు. ఈ వాసనకు మాత్రం మంగళగిరిలో మా పక్కింటి సుగుణమ్మ గారు గుర్తొచ్చారు.

ఆవిడ రిటైరైన నర్సు. ఆదివారం చర్చి నుంచి వస్తూ, ఖాళీ స్థలాల్లో నేల మీద పాకే గలిజేరు తీగలు కోసి సంచిలో వేసుకొచ్చేవారు. లేత ఆకు పప్పులోకి, మిగతాది కషాయానికి. గుప్పెడాకు శుభ్రంగా కడిగి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి, జీలకర్ర, మిరియాలు నలగ్గొట్టి వేసేవారు. ఒంట్లో చేరిన నీరు లాగేస్తుందని, కాళ్ల వాపు తీస్తుందని మా వీధిలో అందరి నమ్మకం. ఇంటర్ చదువుతూ బయాలజీ పాఠాలు చెప్పించుకోడానికి వెళ్లే నాతో ఆవిడ అనేవారు: "నాకు పనిచేసింది పద్మా. అందుకని అందరికీ పనిచేస్తుందని రాసుకోకు."

నాన్న మగ్గం నేసేవాడు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం వల్లే పాదాలు వాస్తున్నాయని అనుకునేవాళ్లం. ఆయనకు బీపీ ఉంది. ఒకరోజు సుగుణమ్మ గారు ఆయన మడమ పక్కన వేలితో నొక్కి చూశారు. పడిన గుంట చాలాసేపటికి గానీ పూడలేదు.

"కషాయం ఇస్తానండీ. కానీ రక్త పరీక్ష చేయించుకోవాలి. బీపీ బిళ్ల మానకూడదు."

"అట్టాగేనమ్మా" అన్నాడు నాన్న.

వారానికల్లా వాపు తగ్గింది. నాన్న వీధంతా చెప్పుకున్నాడు. పరీక్ష మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాడు. ఆకు ఉండగా బిళ్లెందుకని అదీ మానేశాడు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. తొమ్మిదో రోజు పొద్దున మగ్గం మీదే తల పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మాట తడబడింది. అమ్మా నేనూ ఆటోలో విజయవాడ తీసుకొచ్చాం.

"నాటు మందులేమైనా వాడుతున్నారా?" డాక్టరు గద్దించి అడిగాడు.

అమ్మ లేదని తలూపింది. నాకు తెలుసు, అయినా నోరు తెరవలేదు.

గంట తర్వాత సుగుణమ్మ గారు బస్సు దిగి రొప్పుతూ వచ్చారు. నేరుగా డాక్టరు దగ్గరికెళ్లి నిలబడ్డారు. "నేనిచ్చానండీ, గలిజేరు కషాయం. తొమ్మిది రోజులు, పొద్దున్నే ఒక గ్లాసు. నేను నర్సుగా చేసినదాన్నే."

వార్డంతా వింటుండగా ఆయన ఆవిడను నిలబెట్టి తిట్టాడు. ఆవిడ తల దించుకోలేదు, ఎదురు చెప్పనూ లేదు. తిట్టడం అయ్యాక, "ఆకులో పొటాషియం ఉంటుంది కదండీ, అది కూడా చూడండి" అన్నారు. డాక్టరు ఆ పరీక్ష కూడా రాశాడు. నాన్న రక్తంలో పొటాషియం ఎక్కువే ఉంది.

నాన్న బతికాడు. బీపీ మాత్ర మానడమే ప్రాణం మీదకు తెచ్చిందని, మూత్రపిండాలు అంతకుముందే దెబ్బతిన్నాయని, అలాంటివారికి ఆకులోని పొటాషియం బయటికి పోక ఒంట్లో పేరుకుంటుందని, ఈ కషాయం తాగకూడదని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ సుగుణమ్మ గారితో మాట్లాడటం మానేసింది. నేను మాత్రం వెళ్లాను.

"మీ అమ్మ కోపం న్యాయమే" అన్నారావిడ. "పరీక్ష అయ్యాకే ఇవ్వాల్సింది. బిళ్ల వేసుకున్నారా అని రోజూ అడగాల్సింది. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను."

"అమ్మ డాక్టరుకి అబద్ధం చెప్పింది కదండీ. నేనూ..."

"భయపడింది. అడిగేవాడి గొంతులో కోపం ఉంటే జనం నిజం చెప్పరే. అది జనం తప్పు కాదు."

ఆ తర్వాత కషాయం కోసం ఎవరొచ్చినా, వాడుతున్న మాత్రలన్నీ తెచ్చి చూపించమనేవారు. చాలామందిని ఆకు ఇవ్వకుండానే ఆసుపత్రికి పంపారు. "ముసలావిడకి చాదస్తం" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. అమ్మ మాత్రం ఆర్నెల్ల తర్వాత ఒక సాయంత్రం గిన్నెలో పులిహోర పట్టుకుని ఆవిడ గుమ్మం ఎక్కింది. నేను ఫార్మసీ చదువుకు దరఖాస్తు పెట్టుకున్నది ఆ ఏడే. సుగుణమ్మ గారు ఇప్పుడు లేరు.

మొన్న పామర్రు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు బీపీ మాత్రలు ఇస్తూ, "ఇంకేమైనా వాడుతున్నారాండీ? ఆకు రసాలు, కషాయాలు?" అని అడిగాను. లేదన్నాడు. వెనక వరుస పెరుగుతోంది. "మా నాన్న కూడా తాగేవాడండీ" అని, మాత్రలు చేతిలోనే ఉంచుకుని ఆగాను.

ఆయన కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "పొద్దున్నే ఒక గ్లాసమ్మా" అన్నాడు.