బొటనవేలి కింద వీధి

నేను కాళ్లకు చక్రాలు కట్టుకు పుట్టానని మా అత్తగారు అనేవారు. విజయవాడలో చిన్న చీరల కొట్టు నాది. మంగళగిరి నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి సరుకు ఎంచుకోవడం నా పని, నా సరదా కూడా. అలాంటి నాకు చెవిలో జబ్బు చేసింది. లేచి నిలబడితే చాలు, గోడలు గిర్రున తిరిగేవి. స్నానాల గది దాకా కూడా మావారి చెయ్యి పట్టుకునే వెళ్లాలి. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు, నాకే ఒళ్లు మండేది. మళ్లీ ఒంటరిగా మంగళగిరి వెళ్లలేకపోతే నేనింక నేను కాదనిపించేది.

డాక్టరుగారు ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి, రెండు చేతుల్లో రెండు రిమోట్లు పెట్టింది. కళ్ల ముందు ఒక బజారు వీధి. రిమోటు మీది బుడిపెను బొటనవేలితో నెడితే ఆ వీధిలో ముందుకు పోతాను. ఎంత నెడితే అంత వేగం.

"మెల్లగా ఆంటీ. తల తిరక్కుండా ఎంత స్పీడు తట్టుకోగలరో మీరే చూసుకోవాలి. రోజూ కాస్త కాస్త పెంచుదాం."

మెల్లగా అన్న మాట నా ఒంటికి పడదు. బుడిపెను చివరికంటా నెట్టాను. కొట్లన్నీ రైలు కిటికీలోంచి చూసినట్టు వెనక్కి పోయాయి. పొద్దున తిన్న ఇడ్లీ గొంతు దాకా వచ్చింది.

మర్నాడు బుద్ధిగా నెమ్మదిగానే వెళ్తున్నాను. మలుపులో గుడి గోపురం కనిపించింది. కనిపిస్తే ఊరుకుంటామా? రెండు చేతులూ జోడించాను. అరచేతుల మధ్య బుడిపెలు నొక్కుకుపోయి, వీధి నన్ను లాక్కుపోయింది. గోపురంలోంచే దూసుకుపోయాను. "అమ్మో, దేవుడా!" అంటూ కుర్చీలోంచి ఒరిగిపోతుంటే ఆ అమ్మాయి పట్టుకుంది.

హెడ్‌సెట్ తీసి చూస్తే, నవ్వాపుకోలేక అవస్థ పడుతోంది. "అందరిదీ ఇదే పనండీ! ఆ గుడి తీసేయమని కంపెనీవాళ్లకి చెప్పేస్తాను."

"తీయడం ఎందుకమ్మా? ముందు ఆగి, అప్పుడే దణ్ణం పెట్టుకుంటాలే."

అన్నంత తేలిక కాలేదు. బుడిపెను ఒక్కసారిగా వదిలేస్తే వీధి ఆగేది గానీ నా తల ఆగేది కాదు. ఆగడానికి కూడా నేర్పు కావాలని నాకు అప్పటిదాకా తెలియదు. బొటనవేలిని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడం అలవాటు కావడానికి వారాలు పట్టింది. తల తిరగడం తగ్గుతూ వచ్చింది. చివరికి ఆ అమ్మాయి వేగం పెంచమంటే నేనే రేపు చూద్దామనేదాన్ని.

మొన్న ఒక ఉదయం సంచి తీసుకుని బయల్దేరుతుంటే మావారు కూడా చెప్పుల్లో కాళ్లు పెట్టేశారు.

"నేనూ రానా?"

"వద్దండీ."

ఆయన మొహం చూస్తే జాలేసింది. అయినా ఆగలేదు.

మంగళగిరిలో బస్సు దిగి రోడ్డు వారగా నడిచాను. వెనక ఆటోవాడు ఒకటే హారను. ఇదివరకైతే ఒక్క ఉరుకు ఉరికేదాన్ని. ఇప్పుడు పక్కకు జరిగి, నిలబడి, వాణ్ణి పోనిచ్చి మళ్లీ నడిచాను. నేల కదల్లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నేను ఎప్పుడూ చీరలు కొనే ఇంట్లో, మగ్గం ముందు కూర్చున్న పెద్దావిడ, నా జబ్బు సంగతి విని ఉందేమో, నన్ను చూసి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు తొంగిచూసింది.

"ఒక్కరే వచ్చారా అమ్మా?"

"ఒక్కదాన్నే వచ్చానమ్మా" అని చెప్పేసరికి నాకు ఏడుపొచ్చేసింది.