గూటిలో మూడో పిల్ల

మా ఇంట్లో పొద్దున్న ఇడ్లీ తిని కంచాలు తీసేసరికి స్కాట్లాండులో తెల్లవారుతుంది. ఆ సంగతి నాకు నిరుడు వేసవిలో తెలిసింది. అక్కడ ఒక పెద్ద చెరువు పక్కన, చెట్టు చిటారున, చేపల గద్దల జంట గూడు కట్టుకుంది. ఎవరో దాని మీదికి కెమెరా బిగించి రోజంతా ఇంటర్నెట్‌లో చూపిస్తున్నారు. నర్సీపట్నం విలేకరిగా ఉన్న రోజుల్లో, ఒక చలికాలం, తాండవ రిజర్వాయరు మీద ఇలాంటి గద్దనే చూశాను. కాళ్లు ముందుకు చాపి నీళ్లలో పడింది. చేపను తీసుకుని, తల ముందుకు ఉండేలా సర్దుకుని ఎగిరిపోయింది. అది ఎక్కడ గుడ్లు పెడుతుందో ఆ పక్కనే ఉన్న నాతవరంలో ఎవరూ చెప్పలేకపోయారు. రిటైరయ్యాక ఆ సందేహం తీర్చుకోబోయి ఈ గూటి దగ్గర ఆగిపోయాను. తాండవకు వచ్చేవి ఇవి కావు, వేరే చల్లటి దేశాల నుంచి వస్తాయట. అయినా నేను అక్కణ్నుంచి కదల్లేదు.

చూసేది నేను, వినేది మా అక్క. అక్క ఒక మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా పనిచేసింది. ఏజెన్సీ కొండల నుంచి జీపుల్లో దిగిన ఆడవాళ్లకు ఎందరికో ఆమె చేతుల మీదే కాన్పులయ్యాయి. ఇప్పుడు రెండు కళ్లకూ చూపు మధ్యలో నల్లమచ్చ. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గాని ముఖం తెలియదు. ఆమె పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయాక నా దగ్గరికే వచ్చేసింది. రోజూ పేపరు చదివి వినిపించేవాణ్ని. గూడు దొరికాక దాన్ని టీవీలో పెట్టేవాణ్ని, పేపరు రెండోది అయింది.

"మొగది సేప తెచ్చిందేటి?"

"తెచ్చిందక్కా."

"ఏ సేప?"

"పేరు తెలీదు. మన రాగండిలా ఉంది."

"సేప పేరే తెలీదు. ఇన్నాళ్లూ పేపరుకి ఏటి రాసీవోడివిరా?"

మే చివర్లో మూడు పిల్లలు పుట్టాయి. మూడోది రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. తల్లి చేపను చీల్చి ముక్క అందిస్తే పెద్దవి రెండూ మెడలు చాపి లాక్కునేవి. వాటి కడుపు నిండాకే దీనికి.

"ఎంతున్నాది అది?"

"పెద్దదాంట్లో సగం."

"తూకం తక్కువ పిల్ల," అంది అక్క. ఆ రోజు నుంచి ఆమెకు మిగతా రెండింటి గొడవ లేదు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పమన్నారు. అక్క బెంచీ పట్టుకుని లేచింది. "మా ఇంట్లో టీవీలో ఒక గెద్ద పిల్ల ఉన్నాదండి. తూకం తక్కువ. నవ్వకండి పాస్టరు గారూ." అందరూ నవ్వారు. పాస్టరు గారు మాత్రం నవ్వకుండా, సొంత బిడ్డకు చేసినంత శ్రద్ధగా, ఆ పిల్ల కోసం ప్రార్థన చేశారు.

ఆ వారమే స్కాట్లాండులో వాన పట్టుకుంది. మూడు రోజులు విడవలేదు. నీళ్లు కలకబారాయేమో, మగది ఉత్త కాళ్లతో తిరిగి వచ్చేది. నాలుగో రోజు ఎండ కాసింది, చేప వచ్చింది. తల్లి చీలుస్తుంటే రెండు తలలే లేచాయి. మూడోది గూటి అంచున పుల్లల మధ్య బోర్లా పడి ఉంది. తల్లి దాని మీదుగా అడుగు వేసి ఇటు వచ్చింది. చాలాసేపు చూశాను. కదల్లేదు.

అక్క వంటింట్లోంచి గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "సిన్నది తిందా? బేగి సెప్పు."

"నిలకడగా ఉందక్కా," అన్నాను.

అది మా విలేకరుల మాట. ఆసుపత్రిలో ఎవరైనా పెద్దమనిషి ఉండి, కొత్త కబురు తెలియక, పేజీ అచ్చుకు పంపే వేళ అయిపోతే, ఆయన పరిస్థితి నిలకడగా ఉందని ఒక ముక్క రాసి పంపేవాళ్లం. మర్నాటికి ఏ సంగతో తెలిసిపోయేది, అప్పుడు సరిగా రాసేవాళ్లం. నేనూ మర్నాడు చెబుదామనే అనుకున్నాను. మర్నాడు ఆమె, "ఈ పూట ఎన్ని ముక్కలు తిందిరా?" అని అడిగింది. "నాలుగు," అన్నాను. ఆ నాలుగూ రెండో పిల్ల తిన్నవి.

తరవాత అంత కష్టపడలేదు. రెండో పిల్ల చేసేదంతా మూడోదానికి రాసేశాను. ఈకలు వచ్చాయన్నాను. గూటి అంచున నిలబడి రెక్కలు ఆడిస్తోందన్నాను. అరుపులు వినబడుతూనే ఉండేవి కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. ఒకసారి వార్డు రోజులు తలుచుకుంటూ అంది: "పిల్ల నిలవదని తెలిసినప్పుడు తల్లికి నానే సెప్పీదాన్ని. డాక్టరమ్మ సెప్పలేకపోయీది. ఆశ పెట్టీసి కొండకి పంపకూడదురా." నేను టీవీ సౌండు కొంచెం పెంచాను.

జులైలో ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పే వేళ, నా పక్క నుంచి అక్క లేచింది. ముందు రోజు నాతో ఒక్క మాట అనలేదు. "మొన్న మీ అందరి సేతా ప్రార్థన సేయించాను. ఆ తూకం తక్కువ పిల్ల బతికిందండి. రెక్కలొచ్చాయి, నేడో రేపో ఎగురుతాది." మందిరం అంతా "స్తోత్రం" అంది. నేను కూడా అన్నాను. పక్కన కూర్చుని అనకపోతే బాగోదని అన్నాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే కోటవురట్ల వైపు నుంచి వచ్చే ఒక పిల్లతల్లి అక్క చేతులు పట్టుకుంది. చంకలో నెలలు నిండకుండా పుట్టిన పాప, గుడ్డలోంచి ముక్కు మాత్రమే కనబడుతోంది.

"సిస్టరమ్మ గారూ, మీ మాట ఇన్నాక గుండె నిబ్బరమయ్యిందండి. గెద్ద పిల్లే బతికినప్పుడు నా పిల్ల బతకదేటి? ఈ వారం తూకానికి ఎల్లకపోయినా పర్వాలేదనిపిస్తంది."

"తూకానికి ఎల్లాల," అంది అక్క. ఆ తల్లి నవ్వి, "అలగేనండి," అంది. వెళ్లే మనిషి అన్నట్టు లేదు.

ఇంటికి ఆటోలో వచ్చాం. గేటు తీశాక, మెట్ల మీదే చెప్పేశాను. ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో, తరవాత నేను ఏమేం కల్పించానో, ఒకటీ వదలకుండా చెప్పాను. అక్క మెట్టు మీద కూర్చుంది. అక్కడి నుంచే అడిగింది.

"మీ పేపర్లో తప్పు పడితే ఏటి సేస్తారు?"

"సవరణ వేస్తాం."

"ఏ పేజీలో?"

"లోపల ఎక్కడో. రెండు లైన్లు."

"తప్పు మొదటి పేజీలో పడితేనో?"

"అయినా లోపలే."

"నాకు లోపలి పేజీ నేదురా," అని లేచి, నేను చెయ్యి అందించబోతే వద్దని, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు అక్క తెలిసినవాళ్ల చేత ఫోను చేయించి, ఆ తల్లిని తూకానికి వెళ్లేదాకా వదల్లేదు. పాప తూకం ఏమీ పెరగలేదట, ఆసుపత్రిలో ఉంచుకున్నారట. ఆ కబురు నాకు చెప్పి వంటింట్లోకి వెళ్లింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తరవాతి ఆదివారం సాక్ష్యాల వేళ మళ్లీ లేచింది. నేను తలుపు దగ్గరి వరసలో కూర్చున్నాను. "పోయిన వారం నాను సెప్పింది నిజం కాదండి. ఆ పిల్ల ఎప్పుడో సచ్చిపోయింది. నాను సూడకుండా సెప్పాను. తప్పు నాదే, మన్నించండి." ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను లేచి, ఆ తప్పు నాదని అనవలసింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవబోయాను కూడా. ఈలోగా పాట ఎత్తుకున్నారు. పాటకు అందరితోపాటు లేచాను.

గూటిలో పిల్లలు ఆ నెలాఖరుకి ఎగిరాయి. పాప ఆగస్టులో ఇంటికి వచ్చింది, బాగుంది. ఈ ఏడు ఆ గద్దలు మళ్లీ వచ్చాయి, మళ్లీ మూడు గుడ్లు పెట్టాయి. ఇడ్లీ తిన్నాక అక్క వచ్చి అదే కుర్చీలో కూర్చుంటుంది.

"ఎన్నున్నాయిరా?"

"మూడు."

"మళ్లీ సూసి సెప్పు."

మళ్లీ చూస్తాను. వేలు తెర మీద పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెబుతాను.