పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

సస్కాచెవాన్‌లోని ఆ చిన్న ఊళ్లో ఆర్విడ్ హాల్వర్సన్ మేష్టారి చేతిలో మార్కులు పోగొట్టుకోనివాడు లేడు. జవాబు ఒప్పయినా సరే, లెక్కలో చివరి మెట్టు చూపించకపోతే సున్నా. అంతటి ధర్మమూర్తి, రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూచుని, తన పాపాన్ని కాగితం మీద చూసుకుంటున్నాడు.

పాపం పాతదే. వాళ్ల పెళ్లి పదో నెల ఇరవై రెండున. చర్చికి వచ్చినవాళ్లు నూట పదిహేడు మంది. మూడూ పక్కపక్కన పెడితే 10,22,117. మొదటి పెళ్లిరోజుకి నగ కొనే స్తోమత లేక, భార్య డోరీన్‌కి ఆ సంఖ్యనే బహూకరించాడు.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదు. అన్నిటితోనూ చేసి చూశాను. మనమూ అంతే, ఎవరూ విడదీయలేరు," అన్నాడు.

డోరీన్ కళ్లు తుడుచుకుని, ఆ అంకెల్ని గుడ్డ మీద కుట్టి, అద్దం కట్టించి గోడకి తగిలించింది.

నిజానికి దాని వర్గమూలం 1011 దాటదు కాబట్టి, ఆ లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూస్తే చాలు. 997 దాకా చూశాడు. మిగిలింది ఒక్కటే, 1009. అప్పుడే టీవీలో హాకీ మొదలైంది. వెయ్యి దాకా వచ్చేశాం కదా, ఇంకేముంటుందిలే అని పెన్ను మూసేశాడు.

ఇప్పుడు, ఇద్దరికీ కలిపి ముందుగానే కొనిపెట్టుకున్న సమాధిరాయి మీద పేర్ల కింద ఆ సంఖ్య ఉండాలని డోరీన్ ముచ్చట. రేపే చెక్కుతారు. అంకెలు ఒకసారి సరిచూడమని రాయి చెక్కే అతను ఫోన్ చేస్తే, ఆర్విడ్ ఊరుకోలేక, వదిలేసిన ఆ ఒక్క భాగహారమూ చేశాడు. శేషం సున్నా.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. కాకపోతే ఆ అబద్ధం కింద, ఆవిడ పక్కన, యుగాంతం దాకా పడుకోవాలి.

డోరీన్ కేకు కోస్తూంటే గొంతు సవరించుకున్నాడు.

"డోరీన్, గోడమీదున్నది ప్రధాన సంఖ్య కాదు."

కత్తి ఆగింది. "అన్నిటితోనూ చేసి చూశానన్నావుగా?"

"ఒక్కటి వదిలేశాను. చివరిది."

"ఎందుకట?"

"హాకీ వచ్చింది."

"ఎవరు గెలిచారు?"

"గుర్తులేదు."

"మా అక్క కొడుకు డేల్ గుర్తున్నాడా? చివరి మెట్టు రాయలేదని సున్నా వేశావు. దాంతో మా అక్క మనింటి గుమ్మం తొక్కడం మానేసింది."

డేల్ గుర్తున్నాడు. వాడి జవాబు ఒప్పేనన్న సంగతి కూడా.

"ఇంతకీ దేంతో పోతోంది?" అంది.

"1009 ఇంటూ 1013. రెండూ ప్రధాన సంఖ్యలే. పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఇంకోటి లేదు."

"నన్ను బుజ్జగించకు."

ఆవిడ ఫోన్ తీసింది. "ఆ పెద్ద సంఖ్య వద్దండీ. నా పేరు కింద 1013 చెక్కండి. మా ఆయన పేరు కింద 1009... లేదు, తారుమారు కాలేదు. అది ఆయనదే."

తర్వాత అతని పళ్లెంలో కేకు ముక్క పెట్టింది, చిన్నది. ఆర్విడ్ దాన్నే తిన్నాడు. వదిలేసిన మెట్టు తన పేరు కిందే రాతికెక్కబోతోంది. ఆ దిద్దుబాటులో ఎంత వెతికినా అతనికి తప్పు దొరకలేదు.