ళ రాని అమ్మాయి

పాపకు పాలు పట్టి పడుకోబెట్టి, ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో అని ఇంకోసారి వంగి చూసి, అప్పుడు ఫోను తెరిస్తే, నేను పనిచేసిన రేడియో స్టేషను పేజీలో ఈ ఆదివారం వేసిన తెలుగు పాటల పేర్లు వరసగా కనిపించాయి. ప్రియురాలి కళ్లను పొగిడే ఒక పాట పేరులో కళ్లు కాస్తా ‘కల్లు’ అయిపోయాయి. దాని కింద మళ్లీ మా నాన్న రాసిన మాట: “తల్లీ, అక్కడ ల కాదు, ళ. నాలిక ఎనక్కి మడవాల. కంగారు నేదు, నెమ్మదిగా వస్తాది.” నవ్వు రావలసిన చోట నాకు కడుపు మండింది.

ఎందుకంటే నాన్న తల్లీ అంటున్నది ఏ ఆడపిల్లనూ కాదు, కంప్యూటరును. పురిటికి ముందు నేను మానేశాక నా చోట ఎవరినీ పెట్టుకోలేదు. పాట మొదలవగానే దాని పేరు దానంతటదే పేజీలోకి వెళ్లిపోయేలా అక్కడ కంప్యూటర్లు చూసుకునే భయ్యా ఏర్పాటు చేశాడు. పాటల పేర్లన్నీ అందులో హిందీలో ఉంటాయి, అది వాటిని తెలుగు అక్షరాల్లోకి మార్చుకుంటుంది, హిందీలో ళ లేదు గనక ఆ మార్చడంలో అది మిగలదు.

కాలేజీ అవగానే దొరికిన నా మొదటి ఉద్యోగం అదే. ఆదివారం తెలుగు గంటలో అద్దాల గది బయట కూర్చుని, ఒక్కో పాట మొదలవుతుండగా పెద్దవాళ్ల కోసం తెలుగులో, వాళ్ల పిల్లల కోసం హిందీలో దాని పేరు రాసి పెట్టేదాన్ని. భిలాయి ఉక్కు ప్లాంటు సెక్టార్లలో పుట్టి, బడిలో హిందీ చదివి, తెలుగును వంటింట్లో మాత్రమే విన్న మన ఈడువాళ్లకు నా అవస్థ చెప్పక్కర్లేదు. నాకు అక్షరాలు నేర్పింది నాన్నే, ప్లాంటులో పగటి డ్యూటీ దిగి వచ్చి, క్వార్టరు వరండాలో పలక మీద. అన్నీ వచ్చాయి గానీ ళ రాలేదు. అందుకే పాట పేరు రాసే ముందు ఆయనకు ఫోను చేసి అడిగేదాన్ని, అడగకుండా తప్పు రాస్తే పాట అయ్యేలోపు ఆయనే చేసేవాడు. “నాలికని ఇస్త్రీ సేసి దాసుకున్నావేటే, మడత పడదు?” అని ఆయన కసురుతుంటే పక్కవాళ్లకు కూడా వినిపించేది, ‘దీదీ, మీ హెడ్మాస్టరు ఫోను’ అని నవ్వేవారు. నాకు సిగ్గేసేది, కానీ ఆదివారం కూడా డ్యూటీకి ఉత్సాహంగా వెళ్లింది ఆ ఫోను కోసమేనని మానేశాకే తెలిసింది. నాతో ఆయన ఒక్కసారైనా నెమ్మదిగా వస్తాదని అనలేదు.

అంతకు ముందు ఆదివారం, రిటైరయ్యాక ఉతైలో నాన్న కట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను, నాన్నా అది మనిషి కాదు, మిషను అని. ఆయన ఒళ్లో ఉన్న పాప మీంచి చూపు తిప్పలేదు.

“మిషనైతే తప్పెందుకు సేస్తాది? నా సర్వీసంతా మిషన్ల కాడే గదా. తప్పు సేసీది మనిషే. ఎవురో కొత్త గుంట, పాపం. కసిరితే మానేస్తాది.”

“మరి నన్నెందుకు కసిరేవాడివి?”

“నువ్వు మానీదానివి కావు గదా.”

నెహ్రూ నగర్ వచ్చే దారంతా ఆటోలో ఆ లేని పిల్ల మీద ఉడుక్కుంటూనే ఉన్నాను. ఇంటికి రాగానే స్నానం చేయించిన పాప ఫోటో పెట్టి, కింద ‘పాపకు నీల్లు పోశాను’ అని కావాలనే రాశాను. భిలాయి-3 లోని పిన్ని, పాపకు జలుబు చేస్తుంది తల తుడవమని రాసింది, నాకు వెంటనే భయం పట్టుకుని మళ్లీ తుడిచాను. నాన్న బాగుందని బొటనవేలు గుర్తు పెట్టాడు. అంతే. ఆ సాయంత్రమే స్టేషను పేజీలో మాత్రం కలకూ కళకూ తేడా ఏమిటో ఓపికగా విడమరిచి రాశాడు.

ఇవాళ ఫోనులో అడిగాను, నా ఫోటో కింద తప్పేమీ కనిపించలేదా అని.

“సూసానే. నీల్లని పడింది. నువ్వెందుకు తప్పు రాస్తావు? ఆ ఫోనే అలా కొట్టేసుంటాది.”

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మిషను తప్పును నాన్న ఎవరో ఆడపిల్లకు అంటగట్టి ముద్దు చేస్తున్నాడు, సొంత కూతురి తప్పును మిషను మీదికి తోసేస్తున్నాడు. మనకు అన్నీ వచ్చేశాయని పెద్దవాళ్లు నమ్మేసే రోజు ఒకటి ఉంటుంది కాబోలు, అది ఎప్పుడు వచ్చి వెళ్లిందో మనకు ఎవరూ చెప్పరు. ఆ తరవాత ఎంత తప్పుగా రాసినా పాత కసురు తిరిగి రాదు. వచ్చే ఆదివారం ఆ పిల్ల మళ్లీ తప్పు రాస్తుంది, నాన్న మళ్లీ నెమ్మదిగా చెబుతాడు, నేను దుప్పటి కింద ఫోను పట్టుకుని ఆయన చెప్పినట్టే నాలుక వెనక్కి మడిచి చూసుకుంటాను.